బీరువా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెడ్మాస్టరు గది ఇనుప బీరువా గారి దివ్యసముఖమునకు, సైన్సు మాస్టారొకరు చేసుకొను విన్నపము.

విషయం: తమ కడుపులో ఉన్న నా సెల్‌ఫోను.

అయ్యా,

2022 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోకి ముఖహాజరు వచ్చింది. అదీ మా సొంత ఫోన్లలోనే. సిగ్నల్ కోసం వేపచెట్టు కింద ఒకరు, గేటు దగ్గర ఒకరు నిలబడి, హారతి పళ్ళెంలా ఎవరి ముఖానికి వాళ్ళమే ఫోను తిప్పుకున్నాం. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. ఇక చదువంతా అరచేతిలోనే అన్నారు. మళ్ళీ ఆగస్టు వచ్చేసరికి పిల్లలు బడికి ఫోను తేరాదనీ, పాఠానికి వెళ్ళేముందు మేం మా ఫోన్లు హెడ్మాస్టరుకు అప్పగించాలనీ ఉత్తర్వు. హాజరు వేళ అల్లుడు, గంట కొట్టగానే దొంగ!

ఉత్తర్వులో న్యాయం లేదనను. చెదిరిన ధ్యాస మళ్ళీ పాఠంలో కుదరడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని 2023 నాటి యునెస్కో నివేదిక చెప్పింది. మా పీరియడ్‌లో అది దాదాపు సగం. మాస్టారే రీల్స్ చూస్తూ కూర్చుంటే పిల్లల్ని ఏ మొహంతో కోప్పడతాం? అయితే చదువుకు పనికొచ్చేచోట వాడుకోమన్నదీ ఆ నివేదికే.

తమరి దగ్గర చేరకముందు నా ఫోను ఒక పుణ్యం చేసింది. పారామీషియం చెప్పు ఆకారంలో ఉంటుందని ఏళ్ళ తరబడి బోర్డుమీద గీస్తున్నాను. ఆ రోజు నిమిషం వీడియో చూపించాను. ఐదారుగురు తలలు ఆనించి చూశారు. వెనక బెంచీ పిల్ల, ఎన్నడూ నోరు విప్పనిది, అరిచింది: "సార్, చెప్పంటే పాకుతుందనుకున్నా. ఇది ఈదుతోంది!" ఆ తర్వాత ఫోను జేబులో పెట్టేశాను. మిగతా పీరియడంతా ఆ పిల్ల ప్రశ్నలకే సరిపోయింది.

కనుక, తాళం ఉండనివ్వండి. చెవి మాత్రం పాఠం చెప్పేవాడిని అడిగి తిప్పండి. పారామీషియం రోజున ఒక్క పది నిమిషాలు తలుపు తీస్తే చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
సైన్సు మాస్టారు

తా.క.: ఇలాంటి అర్జీలు యాప్‌లోనే పెట్టాలంటారేమో. అలాగైతే ముందు నా ఫోను ఇప్పించండి.