ఇరవై ఆరు కిలోల వ్యూహం

ముప్పై ఏళ్లుగా రైసు మిల్లును ఒంటిచేత్తో నడుపుతున్న పెద్దమనిషికి ఉన్నట్టుండి ‘వ్యూహం’ కావాలనిపిస్తుంది. అది మిల్లులో దొరకదట. మొయినాబాద్ అవతల ఏదో రిసార్టులో, ఏసీ హాల్లో దొరుకుతుందట. దొరికించేవాణ్ని ఫెసిలిటేటర్ అంటారు. ఆయనకు తవుడుకీ ఊకకీ తేడా తెలియనక్కర్లేదు. తెలియకపోవడమే అర్హత. ‘బయటి చూపు’ అంటే అదేనట!

ఓనరు, ఇద్దరు కొడుకులు, బావమరిది, గుమాస్తా, బాయిలర్ ఆపరేటర్ గుండ్రంగా కూర్చుంటారు. “ఇక్కడ అందరం సమానమే, మనసులో మాట రాయండి” అంటూ ఫెసిలిటేటర్ తలా ఒక పసుపు చీటీల కట్ట పంచుతాడు. గుమాస్తా ఓరకంట అయ్యగారిని చూసి ‘మన బలం: అయ్యగారి అనుభవం’ అని రాస్తాడు. పెద్దకొడుకూ అదే రాస్తాడు. ఆపరేటర్ ఒక్కడే అమాయకంగా ‘ఎలివేటర్ బెల్టు తెగేలా ఉంది’ అని రాసిస్తాడు. “అది చిన్న విషయం, తర్వాత చూద్దాం” అని ఆ చీటీని చార్టు చివర ఓ మూలన అంటిస్తారు. భోజనాల వేళకు అది ఊడి కింద పడుతుంది.

‘ముప్పులు’ గడిలో వానలు, వడ్డీలు, వియత్నాం బియ్యం అన్నీ చేరతాయి. అసలు ముప్పు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటుంది: డెబ్బై దాటినా చెక్కుల మీద సంతకం ఎవరికీ వదలని ఓనరు. ఆయన తర్వాత ఆ కుర్చీ ఎవరిది, బావమరిది వాటా ఎంత? మిల్లుకు తేలాల్సింది ఇదొక్కటే, ఎవరూ ఎత్తనిదీ ఇదొక్కటే. ఫెసిలిటేటరూ ఎత్తడు. ఆయన చెక్కు మీద సంతకం పెట్టేదీ ఆ చెయ్యే మరి.

రెండో రోజు సాయంత్రానికి ఏకాభిప్రాయం కుదురుతుంది: తవుడు నూనె ప్లాంటు పెట్టాలి. ఓనరు వారం కిందటే ఫెసిలిటేటరుకు ఫోన్లో చెప్పిన మాట. ఇంట్లో అంటే పెత్తనం, చార్టు ఎక్కితే అందరి నిర్ణయం. అద్దె నోటితో పని అందుకే.

మిల్లర్లకు వ్యూహం నేర్పాలనుకోవడమే విడ్డూరం. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల దాకా ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ వెనకే బజార్లోకి 26 కిలోల బస్తా దిగింది. మెచ్చుకోవాలా అన్నది వేరే సంగతి గానీ, ఏ రిసార్టులో పుట్టిందది? 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఉన్నపళంగా ఆపేసింది, 2024 సెప్టెంబరు దాకా వదల్లేదు. ‘విజన్ 2030’ చార్టులో అలాంటి రోజుకు గడే ఉండదు.

బయటివాడు అసలు వద్దని కాదు. “మీరెప్పుడు దిగుతారు?” అని ఓనరు మొహం మీదే అడిగేవాణ్ని రెట్టింపు ఇచ్చి పిలవొచ్చు. కాకపోతే అలాంటివాణ్ని రెండోసారి పిలిచేవాళ్లుండరు.

చివరికి బిల్లు వస్తుంది, పైన 18 శాతం జీఎస్టీ. “ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందా?” అని అడుగుతాడు ఓనరు.

“రాదండీ, మనం అమ్మేది 26 కిలోల బస్తా. దానికి పన్నే లేదు కదా” అంటాడు గుమాస్తా.