బడి కబురు పిల్లల నోట రావాలి

మా ఊరి హైస్కూల్లో రేపు ఏం జరగబోతోందో అక్కడ ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలికి తెలియదు. దాని తల్లికి తెలుసు. తరగతికో గ్రూపు ఉంది, కబురు నేరుగా ఫోనుకి వస్తుంది. "రేపు బడిలో ఏముందే?" అంటే "అమ్మనడుగు తాతయ్యా, గ్రూపులో పెట్టుంటారు" అంటుంది. బడికి పోయేది ఈ పిల్ల, బడి సంగతులు తెలిసేది ఇంట్లో ఉన్న తల్లికి. తల్లి ఫోను చూసుకోవడం కుదరని రోజున ఇద్దరికీ తెలియదు. మొన్న సైన్సు ప్రదర్శన అలాగే దాటిపోయింది. పిల్ల ఉత్త చేతులతో వెళ్లి, పక్కవాళ్లు తెచ్చిన అట్టముక్కల అగ్నిపర్వతం చూసి వచ్చింది.

పెద్దవాళ్లకి ఏదీ నచ్చదని మా అబ్బాయి విసుక్కుంటాడు. విసుక్కోనీ.

నేను 1975లో ఇదే బడిలో ఆరో తరగతిలో చేరాను. గుడివాడ వైపు పల్లెటూరు, జిల్లా పరిషత్ హైస్కూలు. రెండు పెంకుటి షెడ్లు, ఒక డాబా, మధ్యలో వేపచెట్టు, దాని కొమ్మకి వేలాడే రైలుపట్టా ముక్క. అదే గంట. గంట కొట్టాక అందరం చెట్టు కింద వరసల్లో నిలబడేవాళ్లం. ప్రార్థన అయ్యేది, ప్రతిజ్ఞ అయ్యేది. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగాయన, నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారని, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఉద్యోగం చేస్తూ తెలుగులోనే రాశారని, 1965 జనవరి 26 నుంచి దేశమంతా పిల్లలు చెబుతున్నారని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. మా మనవరాలికి మాత్రం ఈ సంగతి తెలుసు. ఇప్పటి బడిలో నాకు నచ్చినవాటిలో అదొకటి.

ప్రతిజ్ఞ తర్వాత వార్తలు. అసలు సంగతి ఇక్కడుంది. వార్తలు చదివే వంతు వారానికో తరగతిది. వంతు వచ్చిన తరగతిలో ఇద్దరు పొద్దున్నే పంచాయతీ ఆఫీసు దగ్గరికి పోయి రేడియో ముందు కూర్చోవాలి. ఏడు దాటాక ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. చదివేది కందుకూరి సూర్యనారాయణ గారో, అద్దంకి మన్నార్ గారో పేరు చెప్పకముందే గొంతుని బట్టి పోల్చుకునేవాళ్లం. వాళ్లు చదివే వేగానికి మా పెన్సిలు అందుకునేది కాదు. సగం సగం రాసుకుని పరుగెత్తుకుంటూ బడికొస్తే తెలుగు మాస్టారు ఆ కాగితం తీసుకుని దిద్దేవారు. అక్షరదోషం ఉంటే ఊరుకునేవారు కాదు. "మైకు లేదురా, చివర వరస దాకా నీ గొంతే పోవాలి" అనేవారు.

దేశం వార్తలయ్యాక ఊరి వార్తలు. కాలవకి నీళ్లు ఎప్పుడొదులుతున్నారో, పశువుల డాక్టరు ఏ రోజు వస్తున్నారో, సంత మారిందో లేదో. వీటిని మేమే తిరిగి కనుక్కునేవాళ్లం. లాకుల దగ్గరికెళ్లి నీళ్లొదిలే లస్కరుని అడిగితే గాని కాలవ సంగతి తెలియదు. చివర బడి వార్తలు. లైబ్రరీకి కొత్తగా వచ్చిన పుస్తకాలేవో, శనివారం వక్తృత్వ పోటీకి అంశమేమిటో, గ్రిగ్ పోటీలకి మన కబడ్డీ జట్టు ఎప్పుడు బయల్దేరుతోందో, అందులో ఎవరెవరున్నారో. మా వైపు బడుల మధ్య జరిగే ఆటల పోటీలకి అదే పేరు, మద్రాసు రోజుల నుంచి వచ్చింది. పేరు చదివినప్పుడు ఆ కుర్రాడు వరసలో కాస్త పొడుగ్గా నిలబడేవాడు. ఇప్పుడు అదే పేరు గ్రూపులో జాబితాగా వస్తుంది. ఎవరి తల్లి ఎప్పుడు చూస్తే అప్పుడు తెలుస్తుంది.

1979 జులైలో స్కైలాబ్ పడిపోతుందన్న కబురు ఊళ్లోకి వచ్చింది. అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం, ఎక్కడ పడుతుందో తెలియదు. ఊరు ఊరంతా చావు ఖాయమనుకుంది. ఉన్న కోళ్లు కోసుకుని తిన్నవాళ్లున్నారు, అప్పులు తీర్చనక్కర్లేదని ధీమాగా కూర్చున్నవాళ్లున్నారు, ఆడపిల్లని అత్తారింటి నుంచి తెచ్చేసుకున్న తల్లులున్నారు. అప్పుడు నేను పదో తరగతి. ఆ వారం వంతు మాది. రేడియోలో విన్నది విన్నట్టు రాసుకొచ్చాను. హెడ్మాస్టారు చదివి, సైన్సు మాస్టారిని పిలిచి, "దీన్ని మీరు వివరించండి" అన్నారు. ఆయన నల్లబల్లని చెట్టు కిందికి తెప్పించి భూమి గుండ్రం గీశారు. అందులో సముద్రమెంతో, నేలెంతో, ఆ నేలలో మన ఊరెంతో ఒక్కొక్కటే చూపించారు. ఒక చుక్క మీద పడాలంటే ఎంత కష్టమో మాకు అర్థమైంది. చివర ఆయన అన్నమాట: "ఇది మీ కోసం చెప్పలేదు. ఇంటికెళ్లి మీ నాయనమ్మలకి చెప్పండి."

చెప్పాం. మూడొందల ఇళ్లలో మూడొందల నోళ్లు అదే సాయంత్రం చెప్పాయి. మా నాయనమ్మ నేను నేల మీద బొగ్గుతో గీసిన గుండ్రం వైపు చాలాసేపు చూసి, కోడిని గంప కింద మూసేసింది, కోయలేదు. ఆ స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా ఎడారిలోనూ పడిందని మళ్లీ చెట్టు కింద మేమే చదివాం. అలా బడి నుంచి బయల్దేరిన కబురు ఊళ్లో భయాన్ని తగ్గించింది. దాన్ని మోసుకుపోయింది పిల్లలు.

అంతకు రెండేళ్ల ముందు 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా ఊరికి గాలి, వాన తప్ప సముద్రం రాలేదు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పిన సంగతులు వినలేకపోయేవాళ్లం. బడి తెరిచాక వార్తలు చదవాల్సిన అమ్మాయి రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. ఆ అమ్మాయి మేనత్త వాళ్లది నాగాయలంక దగ్గర ఊరు. మిగతాది తెలుగు మాస్టారు చదివారు. ఆ పూటే జట్లుగా వీధుల్లోకి వెళ్లాం. బియ్యం, పాత చీరలు, దుప్పట్లు, గిన్నెలు పోగుచేశాం. ఎవరు చెయ్యమన్నారో ఇప్పటికీ నాకు గుర్తు లేదు. బహుశా ఎవరూ చెప్పి ఉండరు. కబురు మా నోటితో చదివాం కాబట్టి ఆ పని కూడా మాదే అనుకున్నాం.

పండగలు, వేడుకలు కూడా అంతే. ఆగస్టు 15 అంటే వారం ముందు నుంచీ రంగు కాగితాలు కత్తిరించడం, మైదాపిండి ఉడికించి పురికొసకి అంటించడం. ఆ రోజు చీకటితోనే ప్రభాతభేరి. వీధి వీధీ నినాదాలతో తిరిగి ఊరిని లేపి మరీ బడికి తీసుకొచ్చేవాళ్లం. సెప్టెంబరు 5న మాస్టార్ల బదులు మేమే పాఠాలు చెప్పేవాళ్లం, ఆ సాయంత్రం మాలో ఒకడు హెడ్మాస్టారి కుర్చీలో కూర్చుని నోటీసు పుస్తకంలో సంతకం పెట్టేవాడు. వార్షికోత్సవానికి బల్లలు జోడించి స్టేజీ, ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన పట్టుచీరలే తెరలు. రాయబారం పద్యాలు పాడే పిల్లాడికి గొంతు పట్టేస్తే ఊళ్లో నాటకాలాడే పెద్దాయన వచ్చి మిరియాల కషాయం పట్టించేవాడు. బహుమతిగా ఇచ్చే స్టీలు గ్లాసు మీద పేరు చెక్కించి ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో ఒకటి ఇంకా ఉంది, మా ఆవిడ దాన్ని పాలు కొలవడానికి వాడుతుంది.

గోడపత్రిక గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నెలకోసారి పెద్ద డ్రాయింగు కాగితం మీద చేత్తో రాసి డాబా వరండాలో అంటించేవాళ్లం. కథలు, పొడుపుకథలు, చందమామ చూసి వేసిన బొమ్మలు, 'వచ్చే నెలలో మన బడి' అని ఒక మూల. వచ్చే నెలలో ఏం చేయాలో మాస్టార్లతో కూర్చుని తేల్చుకుని మేమే రాసేవాళ్లం. రాశాక చెయ్యక తప్పేది కాదు, ఆ గోడ దగ్గర అందరూ ఆగి చదివేవారు. వనమహోత్సవానికి మొక్కలు తెస్తామని రాసి ఒక ఏడాది మరిచిపోతే ఏడో తరగతి పిల్లలు దాని కింద పెన్సిలుతో "మొక్కలేవి?" అని రాశారు. మర్నాడు నర్సరీకి సైకిళ్లు బయల్దేరాయి.

ఇక ఇప్పటి సంగతి. కార్యక్రమాలకి లోటు లేదు, అదేదో లేదని నేననను. మా రోజుల కంటే ఎక్కువే ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, డిసెంబరు 22న గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం. ఒక్కటీ వదలరు. మాట వరసకి మొన్న ఆగస్టులో గేటు బయట నిలబడి చూశాను. బ్యానరు వచ్చింది. పిల్లల్ని దాని ముందు నిలబెట్టారు. ఫోటో తీశారు. ఇంకో పక్క నుంచి ఇంకో ఫోటో తీశారు. పిల్లల్ని లోపలికి పంపేశారు. గిడుగు వారు ఎవరని గేటు దగ్గరికొచ్చిన ఒకడిని అడిగితే బ్యానరు మీదున్న తాతగారన్నాడు. ఆయన సవరల కోసం వాళ్ల భాష నేర్చుకుని, బడులు పెట్టించి, వాడుకభాష కోసం జీవితాంతం పోట్లాడిన మనిషి. ఒక్క పిల్లాడికైనా ఆయన మీద నాలుగు వాక్యాలు రాసి చదవమని చెప్తే చాలు, ఆ బ్యానరు అక్కర్లేదు.

మాస్టార్లని అనడం లేదు. వాళ్ల బతుకూ చూస్తున్నాను. పొద్దున్నే ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. భోజనానికి ఫోటో, కార్యక్రమానికి ఫోటో. ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా వాళ్లే తీసి పంపాల్సి వచ్చింది. జరిగిందని పైకి చూపించాలి, చూపించకపోతే సంజాయిషీ రాసుకోవాలి. అలాంటప్పుడు జరగడం కంటే చూపించడమే ముందుకొస్తుంది. కబురు పైనుంచి ఫోనులో దిగుతుంది, రుజువు ఫోనులోనే పైకి ఎక్కుతుంది, మధ్యలో పిల్లలు నిలబడి నవ్వుతారు. నా కోపం ఆ పద్ధతి మీద.

మంచి లేకపోలేదు. మధ్యాహ్నం పూట వేడి అన్నం ఉంది. ఆకలితో ఎండలో ఇంటికి పోయి మళ్లీ రాకుండా మానేసిన నా తోటివాళ్లు నాకు గుర్తున్నారు. ఆ భోజన పథకానికి లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టడం నాకు ఎంతో బాగుంది. మా తరగతిలో ఆడపిల్లలు ఒక బెంచీకి సరిపోయేవాళ్లు, ఇప్పుడు సగం పైన వాళ్లే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజున సర్కారు బళ్లలో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, 2025 జులై 10న మళ్లీ పెట్టారు. మా రోజుల్లో తండ్రిని బడికి పిలిచారంటే కొడుకు ఏదో వెధవపని చేశాడనే అర్థం. కూలికి పోయే తల్లి చీర మార్చుకుని కుర్చీలో కూర్చుని తన పిల్ల మార్కుల గురించి మాస్టారితో మాట్లాడటం కళ్లారా చూశాను. దాన్ని తక్కువ చేస్తే పాపం తగులుతుంది. కానీ ఆ రోజు వరస కూడా పైనుంచే వచ్చింది. తల్లులకి ముగ్గులు, తండ్రులకి తాడులాగుడు, పెద్దల ఉపన్యాసాలు. పిల్లలకి దొరికింది స్వాగతం డాన్సు. ఈ ఏడాది మా బడిలో ఏం చేశాం, వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నాం అని ఒక పదమూడేళ్ల పిల్ల లేచి చెప్పి ఉంటే ఆ తల్లులందరూ ఉపన్యాసాల కంటే శ్రద్ధగా వినేవాళ్లు.

ఫోను తీసెయ్యమనడం లేదు. వాన వల్ల సెలవు ఇస్తే ఆ కబురు ఫోనులోనే రావాలి, నడిచొచ్చే పిల్లలు తడవకుండా ఉంటారు. కానీ సైన్సు ప్రదర్శన కబురు పిల్ల నోట ఇంటికి రావాలి. వచ్చి "అమ్మా, నాకు పాత సీసా కావాలి, నాన్నా, వైరు ముక్క కావాలి" అని ఇల్లు పీకి పందిరెయ్యాలి. ఆ అల్లరి లేకుండా జరిగే ప్రదర్శన నాకెందుకు?

2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో శనివారాలు పుస్తకాల సంచీ లేకుండా బడికి రమ్మంటున్నారు. సంచీ లేని రోజు దొరికింది కదా అని పోయిన వారం హెడ్మాస్టారు గారి దగ్గరికి వెళ్లాను. గేటు పక్క గోడకి పెద్ద నల్లబల్ల వేయించమని, సిమెంటుకి, రంగుకి, ఏడాదికి సరిపడా సుద్దముక్కలకి డబ్బు నేనిస్తానని చెప్పాను. ప్రతి శనివారం పిల్లలే వచ్చే వారం సంగతులు రాయాలి, సోమవారం చెట్టు కింద మైకు లేకుండా చదవాలి. వేపచెట్టు ఇంకా ఉంది. ఆయన కుర్రాడు, మంచివాడు. "తప్పకుండా చేద్దామండీ మాస్టారూ" అన్నారు. నేను మాస్టారిని కాను, పెద్దవాణ్ణని అలా అంటారు.

ఒక్కచోటే పేచీ వచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉండే పదో తరగతి అమ్మాయి ఒకతె ఉందట, ఆమె చేత రాయిస్తే వచ్చేపోయేవాళ్లకి చూడముచ్చటగా ఉంటుందని ఆయన మాట. ఒక్కరి చేతే రాయిస్తే మళ్లీ అది ఆ ఒక్కరి పనే అవుతుందని నా మాట. కోడిగీతలు రాసేవాడి వంతూ రావాలి, తప్పు రాస్తే పక్కవాడు దిద్దాలి, బస్సు దిగినవాళ్లు ఆగి చదివి "ఒరే, ఇక్కడ కొమ్ము పోయిందిరా" అనాలి. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. సోమవారం మళ్లీ వెళ్తాను.