సైనాన్ సంజీవని

మూలం: సామెల్‌రిక్వెస్ట్=విలువ&రిలేస్టేట్=విలువ&సిగ్‌ఆల్గ్=విలువ

అవతారిక. సైబర్ టవర్స్ మొదలుకొని గచ్చిబౌలి దాకా, పొద్దున ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టిన ఉద్యోగికి జీతాల పోర్టలూ సెలవుల పోర్టలూ వరసగా తెరుచుకోవడం సింగిల్ సైనాన్ మహిమ. 2005 మార్చిలో ఓయాసిస్ వెలువరించిన సామెల్ 2.0 దీనికొక ప్రమాణ గ్రంథం. ‘వీరెవరో తేల్చి పంపండి’ అని అప్లికేషన్ బ్రౌజర్ ద్వారా ఐడెంటిటీ ప్రొవైడర్‌కు కబురు పెడుతుంది. కబురు యూఆర్ఎల్‌లోనే ప్రయాణించే రీడైరెక్ట్ పద్ధతిలో సంతకం చేయవలసిన పాఠమే పై మూలం. లైబ్రరీలు దీన్ని ఎవరికి తోచినట్టు వారు తిరగరాసుకోవడం వల్ల ‘ఇన్‌వాలిడ్ సిగ్నేచర్’ అనే దోషం తరచు పుడుతున్నది.

ప్రతిపదార్థం. సామెల్‌రిక్వెస్ట్ అనగా ఎక్స్ఎంఎల్ కబురును డిఫ్లేట్‌తో కుదించి, బేస్64లో పెట్టి, యూఆర్ఎల్‌కు తగినట్టు ఎన్‌కోడ్ చేయగా వచ్చినది. లోపల ముందే ఒక సంతకం ఉంటే కుదించకముందే తీసేయాలి. రిలేస్టేట్ అనగా లాగిన్ అయ్యాక ఎక్కడికి చేరాలో చెప్పే ఆనవాలు. సిగ్‌ఆల్గ్ అనగా సంతకపు పద్ధతి పేరు. & అనగా ఏమీ లేదు; అయినా సంతకంలో దానికీ వాటా ఉంది.

అన్వయం. పద్యానికైతే పదాలను వాడుక క్రమంలో పేర్చి చెబుతాం, అర్థం చెడదు. ఈ మూలానికి అన్వయం నిషిద్ధం. హ్యాష్ భావం చూడదు, బైట్లు చూస్తుంది. పరామితులను ఇంగ్లీషు అక్షర క్రమంలో సర్దే లైబ్రరీ రిలేస్టేట్‌ను ముందుకు తెచ్చి సంతకాన్ని చెడగొడుతుంది. రిలేస్టేట్ లేనప్పుడు పేరు రాసి విలువ ఖాళీగా వదలడమూ కూడదు, మొత్తంగా మానేయాలి. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే వ్యాఖ్యాత మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఖాళీ రిలేస్టేట్ ఆ రెండింటినీ ఒక్క దెబ్బకు మీరుతుంది.

పూర్వపక్షం. ‘+’ గుర్తును ఎన్‌కోడ్ చేసినప్పుడు %2 పక్కన పెద్ద బి రాసినా చిన్న బి రాసినా భావమొకటే గదా, అందుకున్నవాడు డీకోడ్ చేసి మళ్లీ ఎన్‌కోడ్ చేసి సరిచూస్తే తప్పేమిటి? సమాధానం: అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద జావా, డాట్‌నెట్ పక్కపక్కనే ఉంటాయి గానీ, జావా యూఆర్ఎల్ ఎన్‌కోడర్ పెద్దక్షరాలు రాస్తుంది, డాట్‌నెట్‌లోని హెచ్‌టీటీపీ యుటిలిటీ చిన్నక్షరాలు రాస్తుంది. ఒకరి కబురును మరొకరు తమ దస్తూరీలో రాసుకుని సరిచూస్తే అసలు సంతకమే దొంగదని తేలుతుంది. అందుకున్న రూపంతోనే సరిచూడమని ప్రమాణం విస్పష్టంగా చెప్పింది. కాబట్టి పంపేవాడు ఒక్కసారి కట్టిన స్ట్రింగ్‌నే సంతకానికీ యూఆర్ఎల్‌కూ వాడాలి. అందుకునేవాడు ఫ్రేమ్‌వర్క్ విప్పి ఇచ్చిన విలువల జోలికి పోక, ముడి క్వెరీ స్ట్రింగ్ నుంచే ముక్కలు తీయాలి. రెండు దస్తూరీలూ ప్రయత్నించి ఏదో ఒకటి కుదిరితే చాలనే లౌక్యులున్నారు. ఖాళీని ఒకడు ‘+’ గానూ మరొకడు %20 గానూ రాసినప్పుడు వారి జాబితా పెరుగుతుంది, భరోసా మాత్రం పెరగదు.

కబురులో రహస్యమేమీ లేదు, అసలు సంతకమెందుకు అనేది మరింత గట్టి ఆక్షేపణ. నిజమే, ప్రమాణం దీన్ని ఐచ్ఛికంగానే ఉంచింది. జవాబు ఏ చిరునామాకు పోవాలో మెటాడేటాతో పోల్చి తేల్చుకోవచ్చు. కానీ ‘ఫోర్స్ ఆథెన్’ అని అప్లికేషన్ కోరిందనుకోండి, అంటే పాత సెషన్ చెల్లదు, మళ్లీ లాగిన్ చేయించమని. కబురు సాగేది బ్రౌజర్ గుండా గనుక, తెరిచి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఆ మాటను చెరిపేయగలడు. సంతకం ఉంటే చెరిపిన సంగతి తెలుస్తుంది. అయితే సంతకం లేని కబుర్లను కూడా స్వీకరించే ప్రొవైడర్ దగ్గర వాడు సంతకాన్నీ చెరిపేస్తాడు. అందుచేత అక్కడ ‘సంతకం తప్పనిసరి’ అన్న సెట్టింగు లేనిదే లైబ్రరీలో సంతకాన్ని సరిదిద్దే ఈ మరమ్మతు అలంకారమే.

విశేషం. మరమ్మతు చేసినవారు తమ లైబ్రరీ పంపినది తమ లైబ్రరీయే సరిచూసుకుందని టెస్టు రాసి ఊరుకోరాదు. రెండు వైపులా ఒకే తప్పుంటే ఆ టెస్టు నిక్షేపంగా పాసవుతుంది. చిన్నక్షరాలతో వచ్చిన కబురొకటి, రిలేస్టేట్ లేనిదొకటి, పరామితులు తారుమారుగా చేరినదొకటి, వేరే లైబ్రరీ చేత సంతకం చేయించి తెచ్చుకోవాలి.