అత్తారింటి అప్పగింతలు

మన దగ్గర ఖైదీల విడుదలకు ముందస్తు ఏర్పాట్లు ఉండవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెద్ద నాయకుడికి బెయిలొచ్చిన రోజు సెంట్రల్ జైలు గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఉత్తర్వు మీద సంతకం ఆరకముందే క్రేను వచ్చేస్తుంది, దానికి గజమాల వేలాడుతుంటుంది. పూలు చల్లడానికి జేసీబీలు, డప్పులు, బాణసంచా, పైన డ్రోను. ఎక్కాల్సిన కారు, ఆగాల్సిన గుడి, గుమ్మంలో దిష్టి తియ్యాల్సిన ఆడపడుచు, ప్రెస్‌మీట్‌లో గొంతు ఎక్కడ బొంగురు పోవాలి, అన్నీ ముందే ఖాయం. ఉపాధి బెంగ కూడా లేదు, టికెట్టు సిద్ధంగా ఉంటుంది. జైల్లో ఉన్నవాడు ఓటు వెయ్యకూడదంది చట్టం, శిక్ష పడనంతవరకూ పోటీ చెయ్యొద్దనలేదు కదా! ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. కండువా రంగు మారుతుంది గానీ క్రేను అద్దెకిచ్చేవాడు ఒకడే.

అదే గేటుకున్న చిన్న తలుపులోంచి అదే సాయంత్రం ఇంకొకడు వంగి బయటికొస్తాడు. అప్పారావు అనుకుందాం. సెల్‌ఫోను దొంగతనం కేసు. బెయిలొచ్చి నెలలు దాటినా జామీనుకు నిలబడేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయాడు. చివరికి ఎలాగో షూరిటీలు కుదిరి, కోర్టు కాగితం జైలుకు చేరేసరికి పొద్దుగూకింది. పట్టుకెళ్లిన నాటి చొక్కాయే ఒంటి మీదుంది. సిమ్ము ఎప్పుడో చచ్చిపోయింది. అద్దె కట్టలేదని గది ఓనరు సామాన్లు రోడ్డు మీద పడేశాడు, ఆధార్ కార్డు వాటితోనే పోయింది. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయింది. లోపల రోజూ చేతిలో పెట్టిన మాత్రలు రేపు ఎవరిస్తారో తెలీదు. ఊరికెళ్లే ఆఖరి పల్లెవెలుగు కూడా దాటిపోయింది. ఈ రాత్రికి వాడికి చోటిచ్చేదెవరు? బ్యారక్‌లో పక్కన పడుకున్నవాడి తమ్ముడు. నంబరు అరచేతిలో రాసి మరీ పంపాడు. సర్కారు వెయ్యని ప్రణాళికను ఖైదీలే ఒకరికొకరు వేసుకుంటున్నారు. దాన్ని మన అధికార భాషలో ముఠా అంటారు.

నాలుగో రోజున పేపర్లో మూల వార్త. ‘జల్సాలకు అలవాటుపడి చోరీలు చేస్తున్న పాత నేరస్థుడు జైలు నుంచి వచ్చినా ప్రవృత్తి మార్చుకోలేదు.’ ఈ వాక్యం మా పత్రికలవాళ్ల దగ్గర ఎన్నేళ్ల నుంచో సిద్ధంగా ఉంది, పేరూ వయసూ మార్చి అచ్చేస్తాం. ఆ మూడు రాత్రులు వాడెక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు అని అడిగే కాలమ్ క్రైమ్ పేజీలో లేదు. జల్సా అంటే రెండు పూటలా అన్నమేమోనని నాకొక్కోసారి అనుమానం.

రాతకోతలకైతే మనకు లోటు లేదు. శిక్ష మొదలైన రోజు నుంచే విడుదల తర్వాతి బతుకు గురించి ఆలోచించాలని ఐక్యరాజ్యసమితి 2015లో నెల్సన్ మండేలా నియమాల్లో చెప్పింది. బయటికొచ్చేవాడికి గుర్తింపు కాగితాలు, తలదాచుకునే చోటు, పని, కట్టుకోవడానికి బట్ట ఉండేలా చూడమంది. మన 2016 నమూనా జైలు మాన్యువల్‌లో విడుదలయ్యాక చూసుకోవడం గురించి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. 1894 నాటి జైళ్ల చట్టం పాతబడిందని కేంద్ర హోంశాఖ 2023లో నమూనా చట్టం కూడా రాసి రాష్ట్రాలకు పంపింది. నమూనాలు తయారుచెయ్యడంలో మనల్ని కొట్టేవాడు లేడు.

అలాగని లోపల ఏమీ జరగడం లేదంటే పాపం తగులుతుంది. తెలంగాణ జైళ్ల శాఖ ఖైదీల చేత పెట్రోలు బంకులు నడిపిస్తోంది. చంచల్‌గూడలో బండికి పెట్రోలు కొట్టించుకున్న హైదరాబాదీలకు కొలత మీద నమ్మకం ఎక్కువే. నోట్లు లెక్కపెట్టి చిల్లర ఇచ్చేది శిక్షపడిన మనిషి. ఆయన ఖైదీగా ఉన్నన్నాళ్లూ సర్కారు గల్లాపెట్టె అప్పజెప్పింది. శిక్ష పూర్తయి, అప్పు తీరి, మనలాంటి మనిషయ్యాక మాత్రం వీధి చివర కిరాణా కొట్టులో పప్పు పొట్లాలు కట్టే పని కూడా ఎవరూ ఇవ్వరు. సంగారెడ్డి పాత జైలు మ్యూజియంలో ఐదొందలు కట్టి ఒక రోజు ఖైదీగా ఉండొచ్చని 2016లో పథకం పెడితే సరదాపడి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లను ఉద్యోగాల్లోంచి ఎవరూ తీసేసినట్టు లేదు.

అయినా ముందస్తు ప్రణాళిక వెయ్యాలంటే విడుదల తేదీ తెలియాలి కదా? అక్కడే ఉంది తమాషా. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. శిక్షపడనివాళ్లు కాబట్టి వాళ్లచేత బలవంతాన పని చేయించకూడదు. మంచి నియమమే, కానీ పనీ లేదు, కూలీ లేదు, నేర్చుకున్న విద్యా లేదు. తేదీ అంతకన్నా లేదు. పడితే పదేళ్లు, లేకపోతే ఈ సాయంత్రమే.

జామీను కట్టలేని పేదలకు 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేని శిక్షపడినవాళ్లకు 25,000 దాకా ఇస్తామంటూ 2023లో కేంద్ర పథకం వచ్చింది. మంచిదే. మంజూరు చెయ్యడానికి జిల్లాకో కమిటీ. అందులో కలెక్టరు, ఎస్పీ, జైలు సూపరింటెండెంటు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, ఒక జడ్జి. అప్పారావును లోపలికి పంపడానికి ఒక కానిస్టేబులు చాలాడు. బయటికి తేవడానికి జిల్లా యంత్రాంగమంతా ఒకే బల్ల చుట్టూ చేరాలి. వాళ్లందరికీ ఒకే రోజు తీరిక దొరకాలి మరి!

న్యాయంగా చెప్పుకోవాలంటే అప్పారావు విడుదల కోసం పక్కాగా సిద్ధమయ్యే శాఖ ఒకటుంది. అది పోలీసు శాఖ. పుట్టింటి నుంచి పిల్లను అత్తారింటికి సాగనంపినట్టు జైలువారు స్టేషన్‌కు అప్పగింతలు పెడతారు. వాడి ఫొటో, వేలిముద్రలు, బంధువుల ఇళ్లు, అలవాట్లు, స్నేహితులు అన్నీ సస్పెక్ట్ షీటులో భద్రంగా ఉంటాయి. రేషన్ కార్డులో పేరు తీసేసినవాళ్లకు లేని జ్ఞాపకశక్తి అది. రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టి ఉన్నాడో లేడో చూసి వెళ్తారు. ఆ రాకపోకలు చూసే కొత్త ఓనరు గది ఖాళీ చెయ్యమంటాడు. ఆదివారం ఆదివారం స్టేషన్ ఆవరణలో వరసగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు. ఫొటో పేపరుకు కూడా వెళ్తుంది, వాడి ముఖం గుర్తుపట్టని యజమాని ఊళ్లో మిగలకుండా.

మొన్నటి కౌన్సెలింగ్‌లో ఇలా జరిగిందనుకోండి.

‘‘ఏరా, ఇప్పుడేం పని చేస్తున్నావ్?’’

‘‘హోటల్లో కుదిరానండయ్యా. ఆదివారమే గిరాకీ ఎక్కువ. స్టేషన్‌కి పోవాలని సెలవడిగితే ఎందుకన్నారు. చెప్పానండి. రేపట్నుంచి రావద్దన్నారు.’’

ఎస్సైగారు జాలిగా తలాడించి, పెన్ను తీసి షీటులో రాశారు: ‘పనీపాటా లేదు. నిఘా కొనసాగించాలి.’