నోరు కావలెను!

మన దేశమున దంతవైద్యపట్టమగు బి.డి.ఎస్. అనగా నాలుగేండ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. అందు తొలి రెండేండ్లు మైనపు పండ్లు చెక్కి, కృత్రిమ శిరస్సులపై హస్తలాఘవము సాధించిన విద్యార్థి, మూడవయేట సజీవమానవుని నోట చేయిపెట్టు భాగ్యమునకై తెల్లకోటు ధరించి ఓపీ గుమ్మమున నిలుచును. రోగి మాత్రము రాడు.

ఇన్ని పండ్లు పీకవలెను, ఇన్ని ఫిల్లింగులు చేయవలెను, ఇన్ని కట్టుడుపళ్ల సెట్లు అమర్చవలెనని కోటా విధించిన కళాశాల, ఆ నోళ్లను సమకూర్చు భారమును పలుచోట్ల విద్యార్థికే విడిచినందున, అతడు బస్‌స్టాండు మొదలుకొని మేనమామ యింటివరకు దంతపీడితుల నన్వేషించి, చార్జీలిచ్చి, టిఫిను పెట్టించి తోడ్కొనివచ్చును. పూర్తిగా బోసినోటి వృద్ధుడు దొరకెనేని సహాధ్యాయులు ముగ్గురికి తగవే. (ఇంట కోడండ్రవలన లభింపని మర్యాద ఆ తాతగారి కక్కడ లభించుచున్నదని వినికిడి.) కళాశాల తనిఖీనాడు మాత్రము కొన్నిచోట్ల వ్యానులు పల్లెలకు పోవును, కుర్చీలన్నియు నిండును, ఏ నొప్పియు లేనివారును బుగ్గ పట్టుకొందురు.

1948 నాటి దంతవైద్యుల చట్టమునకు బదులుగా 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టము వచ్చినది. రోగిని కుర్చీవరకు నడిపించుకొనివచ్చు సెక్షను అందును లేదు గనుక, మేనమామగారు మేనల్లుని పరీక్షలకు మరియొక పన్ను సిద్ధపరచుకొనవలసియున్నది.