యూవీ గ్లాసు సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: ‘ఒరిజినల్ యూవీ గ్లాసు వేయబడును. గ్యారంటీ లేదు.’

అవతారిక. నిడదవోలు వంటి జంక్షను ఊళ్ల సెల్‌ఫోను దుకాణాలలో వెలసే ఈ రెండు వాక్యాల గ్రంథము చూపునకు సుబోధమే. ప్రతిపదార్థము ఎవరైనా చెప్పగలరు గనుక విడిచితిమి. గోదావరి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరం ఏలిన కాటయవేమారెడ్డి కాళిదాసు నాటకాలు మూడింటికి వ్యాఖ్య రాసి, దానికి తన ప్రభువు కుమారగిరిరెడ్డి పేరు పెట్టాడు. ఈవలి ఒడ్డున మన ప్రాప్తము ఈ మూలము. ప్రభువు ఎవరన్నది మాత్రం ఇక్కడ తేలని చిక్కు. ఎందుకంటే గ్లాసును అంటించే జిగురు సీసా మీద తయారీదారు పేరే సరిగా ఉండదు.

తాత్పర్యము. సూత్రకారుడు కిరణమును కీర్తించినాడు, మందును మరచినాడు. తెర మీద గ్లాసును అంటించడానికి ఫోను మీద పోసేది అక్రిలేట్ జాతి ద్రవం. దుకాణంలోని చిన్న యూవీ (అతినీలలోహిత) దీపం కింద దాన్ని ఒంటరిగా ఎంతసేపు ఉంచినా అది ద్రవంగానే ఉంటుంది. దానిలో కొద్దిపాటిగా కలిపిన ఫోటోఇనీషియేటర్ అనే పదార్థం వెలుగును మింగి రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క ఒక అక్రిలేట్ అణువు మీద పడి గొలుసు మొదలుపెడుతుంది. ఒకటికి మించి చేతులున్న అణువులు ఆ గొలుసులను అడ్డంగా ముడివేస్తాయి, అప్పుడే జిగురు గట్టిపడుతుంది. అంటే శ్రమ మందుది, బిరుదు దీపానిది. పోనీ అని ఊరుకోవడానికి లేదు, ప్రతి మందూ ప్రతి దీపానికీ పలకదు. 365 నానోమీటర్ల వెలుగుకు చురుగ్గా లేచేది 405 దగ్గర బద్ధకించవచ్చు. సీసాలో ఏ మందుందో, చేతిలోది ఏ దీపమో, ఎన్ని సెకన్లు పెట్టాలో ఎక్కడా రాయకుండా ‘ఒరిజినల్’ అంటే దేనికి ఒరిజినల్?

విశేషము. ఇక్కడ కర్పూరమును స్మరింపవలెను. నిడదవోలు కోట సత్తెమ్మ గుడిలో హారతి పళ్లెంలో మసి తప్ప ఏమీ మిగల్చక పోయే ఆ తెల్లని బిళ్లకు పసుపుపచ్చని సంతానం ఒకటున్నది. కర్పూరాన్ని ఆక్సీకరించగా వచ్చే కాంఫర్‌క్వినోన్ అది. మన పన్ను పుచ్చితే డాక్టరుగారు నింపే మెత్తని ముద్దలో ఫోటోఇనీషియేటరుగా ఉండేది చాలావరకు అదే. అది అతినీలలోహితాన్ని ఆశ్రయించదు. కంటికి కనిపించే నీలపు వెలుగు, 468 నానోమీటర్ల ప్రాంతం, దానికి ప్రీతి. తానుగా ముక్కలు కాదు, పక్కన అమీను అనే తోడు ఉంటేనే పని మొదలుపెడుతుంది. ఇంతటి కులీనమైన పదార్థం గనుక కాబోలు, మర్యాదలన్నీ దానికి జరుగుతాయి. ముద్దను సాధారణంగా రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెడతారు, పొర పొరకూ ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లు వెలుగు చూపుతారు, కళ్లకు అడ్డంగా నారింజరంగు పలక పట్టుకుంటారు. ఈ కాలపు కర్పూరం ఎక్కువగా కర్పూర వృక్షం నుంచి కాక టర్పెంటైను నుంచి వస్తున్నదన్న విషాదాన్ని గురించి ఇంకో అధ్యాయం రాయదగును గాని, ఫోను ఎదురుచూచుచున్నది.

పూర్వపక్షము. కొనేవాడికి రసాయన శాస్త్రమెందుకు, గ్లాసు అంటుకుంటే చాలదా అందురు. ఇదే ఊళ్లో ఎరువుల కొట్టుకెళ్లిన రైతు బస్తా మీద 28-28-0 చూడకుండా డబ్బు తీయడు. ఆయన రసాయన శాస్త్రం చదివాడని కాదు, అంకెలు వేసి తీరాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నుంచీ ఉన్నందువల్ల. వరిచేను పాటి గౌరవం ఫోనుకు, దాన్ని అంటించే కుర్రవాడి వేళ్లకు ఎందుకుండకూడదు? గట్టిపడని అక్రిలేట్ కొందరికి చర్మం మీద ఎలర్జీ తెస్తుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు. చేతొడుగు లేకుండా రోజంతా ఆ సీసాలు పిండేది ఆ కుర్రవాడే. మరి పేరు తెలిస్తే ఏమవుతుందంటారా? 2005లో ఇటలీలో పిల్లల పాల డబ్బాల మీది సిరాలోంచి ఐటీఎక్స్ అనే ఇనీషియేటరు పాలలోకి దిగిందని తేలి, సరుకు వెనక్కి తెప్పించారు. గోళ్ల జెల్ రంగుల్లో వాడే టీపీవో అనే మందును సౌందర్య సాధనాల్లో వాడరాదని ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. పేరుంటేనే నిషేధం. పేరులేని దాన్ని ఏ ప్రభుత్వం పట్టుకుంటుంది?

ఎండలో పెట్టినా గట్టిపడుతుంది కదా అని మరొక శంక. నిజమే, ఎండలోనూ ఆ కిరణాలున్నవి. అయితే దీపానికి ఇంత బిరుదెందుకన్న ప్రశ్న మిగులుతుంది. పైగా అసలు నష్టం వెలుగు చాలకపోవడం వల్ల కాదు, వెలుగు చేరని చోట. ఎక్కువ పోసిన జిగురు వినే స్పీకరు జల్లెడలోకీ పక్క బటన్ల సందుల్లోకీ దిగుతుంది. వెలుగు తాకినంత మేర రాయి, తాకని మేర తడి. రెండిట్లో ఏదైనా ఫోను మూగబోతుంది. అంచున గాలి తగిలిన జిగురు ఆక్సిజను అడ్డు వల్ల బంకగానే మిగులుతుంది, దుమ్ము పడుతుంది. ఎంత పోయాలో, ఎటు వంచాలో చెప్పే కాగితం సీసాతో రాదు. కుర్రవాడు వీడియోలు చూసి నేర్చుకుంటాడు, పొరపాటు మనం భరిస్తాం.

పాఠభేదము. కొన్ని ప్రతులలో రెండవ వాక్యమునకు బదులు ‘పోతే మాకు సంబంధం లేదు’ అని కలదు. అర్థభేదము లేదు. మొత్తం గ్రంథములో నిజము పలికినది ఆ వాక్యమొక్కటే గనుక ఏ పాఠమైనను గ్రాహ్యమే.