జడ వేసే తీరిక

మా రోజుల్లో ఆడపిల్లలున్న ఇంట్లో ఆదివారం అంటే తలంటు. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ ముందురోజు రాత్రే కుంకుడుకాయలు రాయి మీద చితక్కొట్టి, గింజలు ఏరేసి ఉంచేది. పొద్దున్నే వేణ్ణీళ్ళలో నానేసి పిసికితే గిన్నె నిండా నురుగు. పులుసు కళ్ళల్లో పడి మేం గొల్లుమంటే నోట్లో ఓ ఉప్పుకల్లు వేసేది. అది చప్పరించేలోపు మంట సంగతి మర్చిపోయేవాళ్ళం. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, అరుగు మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకోవడం, పేలదువ్వెన, ఆఖరికి జడ. ముగ్గురాడపిల్లలకి ఇదంతా అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమయ్యేది. అమ్మ విసుక్కోలేదని అనను. విసుక్కునేది, కానీ ఏ ఆదివారమూ మానలేదు.

ఇప్పుడు హైదరాబాదులో మా మనవరాళ్ళని చూస్తున్నాను. ఏడింటికల్లా స్కూలు వ్యాను. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టకపోతే స్కూల్లో ఊరుకోరట. ఆఫీసు హడావుడిలో కోడలు గబగబా లాగి కట్టేస్తుంది. పిల్ల కదలకుండా ఉండాలని చేతికి ఫోను. నాకు ఒళ్ళు మండేది అక్కడే. జడ వంకరగా ఉంటే ఉండనీ. జడ వేసేటప్పుడే కదా ఆడపిల్ల నోరు విప్పేది!

అమ్మ వెనకాల పీట మీద ఉంటుంది, మొహం కనబడదు. ఎదురుగా నిలబడి చెప్పలేని మాటలన్నీ అప్పుడే వచ్చేవి. లెక్కల మాస్టారు చెవి మెలేసిన సంగతి, నేస్తం పలకడం మానేసిన సంగతి, దారిలో ఎవడో వెకిలిగా చూశాడన్న భయం. అమ్మ మధ్యలో అడ్డు తగిలేది కాదు. వింటున్నానన్నట్టు పాయ కాస్త బిగించేది, అంతే. మర్నాడు మాత్రం ఆ దారిన మాతో నాన్న వచ్చేవాడు.

అప్పుడంతా బాగుందని చెప్పను. మాలో చాలామందికి పెద్దమనిషి కాగానే బడి మాన్పించారు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కన్న చట్టం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి గానీ అమలు కాలేదు. అదీ అప్పటికే పెళ్ళయిపోయిన మాకు కాదు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చేసరికి 2005. నా మనవరాళ్ళకి చదువుంది, హక్కుంది. కడుపు నిండా సంతోషమే. కానీ వాళ్ళ మాట వినే తీరికని ఎవరు పట్టుకుపోయారు? ఆదివారం పొద్దున అబాకస్, అది కాగానే డాన్సు. ఏడేళ్ళ పిల్లకి ఆదివారం కూడా లేకుండా చేసి, దాన్ని పెంపకం అంటున్నారు.

కోడల్నొక్కదాన్నే అని లాభం లేదు. వంటా తనదే, ఉద్యోగమూ తనదే. తండ్రికి చేతుల్లేవా? అందుకే మావాణ్ణి కూర్చోబెట్టి పాపిడి తీయడం, మూడు పాయలు అల్లడం నేర్పిస్తున్నాను. రోజూ కుదరకపోతే సెలవునాడైనా వేస్తాడు. ఫోను మాత్రం పక్కన పెట్టాల్సిందేనన్నాను. మొన్న వాడు జడ వేస్తుంటే పెద్దది చెప్పింది, వ్యానులో ఎవరూ తనని పక్కన కూర్చోనివ్వడం లేదని. ఎప్పట్నుంచమ్మా అనడిగితే, స్కూళ్ళు తెరిచినప్పట్నుంచీనట. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ తెలీదు!